ఆమె పుట్టింటివాళ్లెవరు?

ప్రశ్న: మా కోడలు అమెరికా అమ్మాయి. 1620లో ఇంగ్లండ్ నుంచి వలసవాళ్లని అమెరికాకి తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన ఎలిజబెత్ టిల్లీ సంతతి మేమని అంటోంది. నాలుగొందల ఏళ్ల కిందటి ఆడమనిషి పుట్టింటి సంగతి ఎలా తెలుస్తుందండీ?

జవాబు: ఇంటిపేరు మారిందంటే ఆచూకీ తప్పినట్టే, అక్కడైనా ఇక్కడైనా. ఈవిడ విషయంలోనూ అదే గందరగోళం. జాన్ హౌలండ్‌ని పెళ్లాడిన ఈవిడ, ఆ ఓడవాళ్లు స్థిరపడ్డ ప్లిమత్ వలసకి మొదటి గవర్నరు కార్వర్ కూతురని చాలాకాలం నమ్మారు. తర్వాత గవర్నరైన బ్రాడ్‌ఫర్డ్ రాసిన ఆ వలస చరిత్ర రాతప్రతి ఎక్కడో పోయి, చివరికి లండన్‌లో బిషప్ లైబ్రరీలో దొరికి, 1856లో అచ్చయ్యాక గానీ ఆవిడ జాన్ టిల్లీ కూతురని తేలలేదు. అమ్మానాన్నలిద్దరూ దిగిన మొదటి చలికాలంలోనే పోయారు, పాపం, అప్పటికి ఆ పిల్లకి పదమూడేళ్లు. ఇంగ్లండ్‌లోని హెన్లో ఊరి చర్చి రిజిస్టర్లో 1607 ఆగస్టు 30న బాప్తిస్మం నమోదై ఉంది.

నాకు నచ్చింది మాత్రం ఆవిడ వీలునామా. కూతురు లిడియాకి తన మంచి ఈకల పరుపు, దిండ్లు, మూడు దుప్పట్లు, ఒక చిన్న బీరువా రాసింది. ఆ కూతురి పేరు పక్కన అత్తింటి పేరు బ్రౌన్ ఉంది చూడండి, వంశం వెతికేవాళ్లకి పరుపుకన్నా అదే విలువైంది.

మీ కోడల్ని తన అమ్మమ్మ, నానమ్మల జనన, వివాహ పత్రాలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లమనండి. ఎలిజబెత్‌కి పదిమంది పిల్లలు, ఏదో ఒక కొమ్మ తగలొచ్చు.