ఇనుప పెట్టెలో పీసీబీ (సర్క్యూట్ బోర్డు) కింద ఏ ఇన్సులేషన్ షీటు వేయాలి?

డ్రిప్ టైమర్ బోర్డును ఇనుప పెట్టెలో బిగిస్తున్నానని, 230 వోల్టుల ట్రాకుల కింద ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్‌కు వాడే పారదర్శక పాలియెస్టర్ ఫిల్ము) చాలా, ఫిష్ పేపర్ (రసాయనంతో గట్టిపరిచిన ఇన్సులేషన్ కాగితం) కావాలా అని అడిగారు. అనంతపురంలో నేనూ ఇలాంటి పెట్టెలే కడతాను, రిపేరుకు వచ్చినవి విప్పుతాను. రెండూ వద్దనే అంటాను.

230 వోల్టుల పీక్ 325. పలుచటి పాలియెస్టర్ ఫిల్మ్ కూడా కొన్ని వేల వోల్టులు ఆపుతుంది. కానీ షీటు దెబ్బతినేది ఎక్కువగా వోల్టేజీకి కాదు, టంకం వేసిన కాళ్ల మొనలకు, రేకు అంచులకు. బాడీ షాక్ కొడుతోందని ఒక ఇన్వర్టర్ నా దగ్గరికి వచ్చింది. పొడవుగా వదిలేసిన ట్రాన్స్‌ఫార్మర్ కాలు కుదుపులకు ఫిల్మును పొడిచి బాడీకి తగిలింది. ఎర్త్ వైరు ఉంది గానీ ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. పైగా మామూలు ఫిల్ము అంటుకుంటే బొట్లుబొట్లుగా కారుతూ మండుతుంది.

ఫిష్ పేపర్ గట్టిదే, మోటారు వైండింగ్‌లో మంచిదే. కానీ తేమ పీలుస్తుంది. మన ఊరు పొడి ఊరే కదా అనకండి, బోరు షెడ్డులో వానాకాలం వేరు. హైలం షీటు (బేకలైటు లాంటి గట్టి పలక) వంగదు, అడుగున పలకలా వేయడానికి తప్ప పనికిరాదు. నోమెక్స్ (వేడిని తట్టుకునే అరామిడ్ కాగితం) వేడికి రాజు, ధర కూడా రాజుదే. ఈ బోర్డుకు అంత అవసరం లేదు.

నేను వాడేది మంట పట్టని రకం పాలీప్రొపిలీన్ షీటు, 0.43 మిల్లీమీటర్ల మందం, ఫార్మెక్స్ జీకే-17 లాంటిది. ఎలక్ట్రానిక్ పరికరాల భద్రతా ప్రమాణం ఐఈసీ 62368-1 ప్రకారం ఒకే పొర, ఎర్త్ లేకున్నా కాపాడే రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్‌గా నిలవాలంటే కనీసం 0.4 ఉండాలి. ఎర్త్ నమ్మకంగా ఉంటే ఒకే అంచె రక్షణ అయిన బేసిక్ ఇన్సులేషన్ చాలు, దానికి ఈ మందం నియమం లేదు. కానీ మే నెలలో మన రాతి నేలలో ఎర్త్‌ను నమ్మే ధైర్యం నాకు లేదు. గీత గీసి మడిస్తే ఈ షీటు విరగదు. నూరు డిగ్రీలు దాటే రెసిస్టర్ల దగ్గర మాత్రం వద్దు.

అంచుల సంగతి చాలామంది మరిచిపోతారు. షీటు ఎంత మంచిదైనా కరెంటు దాని చుట్టూ పాకి వెళ్లగలదు. మామూలు వాతావరణంలో ట్రాకుకు, పెట్టెకు మధ్య ఉపరితలం మీదుగా దూరం బేసిక్‌కు 2.5, రీఇన్‌ఫోర్స్‌డ్‌కు 5 మిల్లీమీటర్లు కావాలి. దుమ్ము, తేమ చేరే షెడ్డులో అవే 4, 8 అనుకోండి. అందుకే షీటును బోర్డు కంటే పెద్దగా కోసి, అంచులు పైకి మడవండి. స్క్రూ రంధ్రాల దగ్గర బోర్డును ఎత్తి పట్టే నైలాన్ స్టాండాఫ్‌లు వాడండి. డబుల్ టేపుతో అతికించకండి, ఎండకు జారిపోతుంది. స్టాండాఫ్‌ల కింద నొక్కి పట్టించండి.

చివరికి ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తే మోటుగా తగిలిన చోట్లే బయటపడతాయి. అమ్మే సరుకైతే 3000 వోల్టుల ఏసీ హైపాట్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి చూసే పరీక్ష) చేయించాల్సిందే. ఈ షీటు మన వైండింగ్ షాపుల్లో నాకు దొరకలేదు, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి తెప్పిస్తాను. కొనేటప్పుడు యూఎల్ 94 వీ-0 (మంట త్వరగా ఆరిపోతుందని చెప్పే రేటింగ్) అని డేటాషీటులో మీ మందానికే రాసి ఉందో లేదో చూడండి. మందం తగ్గితే రేటింగ్ మారవచ్చు.