పాఠకుల ప్రశ్నలు: ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ 1980 తరువాత

గత సంచికలో అమెరికా ఫంక్ (తాళానికి పెద్దపీట వేసే నల్లజాతివారి నృత్యసంగీతం) బృందం ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ డెబ్బైల దశకంలో చేసిన రికార్డుల గురించి రాస్తూ 1979 నాటి ‘ఐ యామ్’ దగ్గర ఆపాము. తరువాతి ఆల్బమ్‌లను ఎందుకు వదిలేశారని నిలదీస్తూ గోదావరి జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా బావగారూ నేనూ ఈ బృందానికి పాత అభిమానులమే. ‘ఐ యామ్’ తరువాత వాళ్ళు చేసినదంతా డిస్కోకూ యంత్రాలకూ అమ్ముడుపోయిన సంగీతమని ఆయన అంటారు. ‘లెట్స్ గ్రూవ్’ లాంటి పాట చేసినవాళ్ళను అంత మాట అనడం అన్యాయమని నేనంటాను. ఆదివారం సాయంత్రాలు మాతో కూడి రికార్డులు వినే మిత్రులు కూడా ఈ విషయంలో రెండు వర్గాలుగా చీలిపోయారు. మీరెటు?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ బావగారు గీత గీసిన చోటే సరైనది కాదు. డిస్కో నింద వేయదలచుకుంటే ముందుగా ‘ఐ యామ్’ మీదే వేయాలి. ‘బూగీ వండర్‌ల్యాండ్’ ఉన్నది ఆ ఆల్బమ్‌లోనే. అదే ఆల్బమ్‌లో అందరూ మెచ్చుకునే ‘ఆఫ్టర్ ద లవ్ హాజ్ గాన్’ను రాసిన డేవిడ్ ఫాస్టర్, జే గ్రేడన్, బిల్ చాంప్లిన్ ముగ్గురూ బృందానికి బయటివారు. దానిని అక్కున చేర్చుకుని, ‘లెట్స్ గ్రూవ్’ ఉన్న ‘రెయిజ్’ ఆల్బమ్‌ను గుమ్మం బయట నిలబెట్టడానికి ఆయన వేరే కారణం చూపించవలసి ఉంటుంది.

ఈ బృందం చరిత్రలో అసలు పెద్ద కుదుపు 1980లో రాలేదు, 1976లోనే వచ్చింది. బృందాన్ని స్థాపించి నడిపిన మారిస్ వైట్‌కు షికాగో రోజుల నుంచీ తోడుగా ఉండి, ‘దట్స్ ద వే ఆఫ్ ద వరల్డ్’ వంటి రికార్డులకు వాద్యసమ్మేళనం కూర్చిన ఛార్లెస్ స్టెప్నీ ఆ సంవత్సరం మే నెలలో, 45 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో మరణించారు. తీగవాద్యాలనూ ఊదే వాద్యాలనూ గాత్రాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చినా ఏదీ మరుగున పడకుండా చూడగలిగిన మనిషి ఆయన. ఆ లోటును పూడ్చడానికి మారిస్ ఇతర సంగీత సంయోజకులను పిలిపించుకున్నారు. ఆ తరువాత చేసిన ‘ఆల్ ఎన్ ఆల్’ ఆల్బమ్‌లో బ్రెజిల్ గాలి కూడా వీస్తుంది. అంటే మనం బృందపు స్వర్ణయుగమని చెప్పుకునే కాలంలో సగం, పోయిన మనిషి చోటును మరొకరితో నింపుకుంటూ వచ్చిన కాలమే. 1980 తరువాత మాత్రమే ఏదో తెగిపోయిందని చెప్పేవారు ఈ సంగతిని దాటవేస్తారు.

ఇక 1980లో వచ్చిన ‘ఫేసెస్’ రెండు రికార్డుల ఆల్బమ్. అందులో వీధి వీధినా మోగిన పాట ఒక్కటీ లేదు కనుక దానిని ఎవరూ తలచుకోరు. నన్నడిగితే ఈ బృందం వాయిద్యపు పనితనం అంత తీరుబడిగా వినిపించే రికార్డు మరొకటి లేదు. గిటార్ వాద్యకారుడు అల్ మెక్‌కే బృందంలో ఉండి చేసిన చివరి ఆల్బమ్ అదే. ‘సెప్టెంబర్’ పాట మొదట్లో వినిపించే ఆ గలగలమనే గిటార్ ఆయనదే. ఆయన వెళ్ళిపోవడం వల్ల కలిగిన నష్టం గురించి అభిమానులు చాలినంతగా మాట్లాడుకోరు. అందరి కళ్ళూ సింథసైజర్ (విద్యుత్తుతో రకరకాల ధ్వనులు పుట్టించే కీబోర్డు) మీదే ఉంటాయి. కొద్ది స్వరాలతో పాట మొత్తాన్ని నడిపించే చేయి మెక్‌కేది. అది లేనప్పుడు తాళం పట్టు సడలడం 1983 నాటి ‘పవర్‌లైట్’ ఆల్బమ్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

‘లెట్స్ గ్రూవ్’ విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. 1981లో ‘రెయిజ్’ ఆల్బమ్‌తో వచ్చిన ఈ పాట అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతివారి సంగీతం) పాటల జనాదరణ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. పాట వోకోడర్ గుండా వచ్చే యంత్రస్వరంతో మొదలవుతుంది. మనిషి గొంతును కీబోర్డు స్వరాల మీద కూర్చోబెట్టే పరికరం అది. ఆ తరువాత కొంచెం చెవి పెట్టి వినండి: ఆ యంత్రస్వరం వెనక్కి తగ్గగానే బృందపు గాయకులు మారిస్, ఫిలిప్ బెయిలీల గొంతులు ముందుకు వస్తాయి, పల్లవి దగ్గర ట్రంపెట్లు చిన్న చిన్న పొడుపులుగా పడతాయి. యంత్రం ఉంది, కానీ అది ఎవరినీ లేపి వారి కుర్చీలో కూర్చోలేదు. తరువాతి ఆల్బమ్‌లన్నింటినీ నేను తూచేది ఈ ఒక్క తూనికతోనే. మీ ఆదివారం సభలో కూడా ‘డిస్కోనా కాదా’ అన్న వాదన పక్కన పెట్టి, ఏ పాటలో ఎవరి చోటును యంత్రానికి ఇచ్చారో వెతికి చూడమని నా మనవి.

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర ఊరు. మా మావయ్య కువైట్ నుంచి తెచ్చిన తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ‘పవర్‌లైట్’, రెండో వైపు ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ ఉండేవి. ఈ బృందాన్ని నేను ఎరిగినదే ఆ రెండో వైపుతో. ఇప్పుడు అభిమానులందరూ దానిని చెత్త అంటుంటే బాధగా ఉంది. అది నిజంగా అంత తీసిపోయిందా?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, మొదట విన్న రికార్డు మీద ఉండే మమకారాన్ని ఎవరి తీర్పూ చెరపలేదు, చెరపనక్కరలేదు కూడా. కానీ నన్ను అడిగారు కనుక చెబుతున్నాను: అది తీసిపోయిన ఆల్బమే. ఎందుకు తీసిపోయిందో తెలుసుకోవడానికి మీ క్యాసెట్‌కు మించిన సాధనం లేదు. రెండు ఆల్బమ్‌లూ 1983 ఒక్క సంవత్సరంలోనే వచ్చాయి. మొదటి వైపున ‘ఫాల్ ఇన్ లవ్ విత్ మీ’ వినండి. తళుకు కాస్త ఎక్కువైనా ఆ పాటలో గుంపుగా కూర్చుని వాయించిన మనుషులు ఉన్నారు. క్యాసెట్ తిప్పి ‘మాగ్నెటిక్’ పెట్టండి. ఊదే వాద్యాలు దాదాపు మాయమయ్యాయి. వాటి చోట సింథసైజర్ కూర్చుంది. డ్రమ్స్ దెబ్బ ప్రతిసారీ ఒకే బరువుతో పడుతుంది. పాటలోని బాణీ చెడ్డది కాదు. దాని కింద సర్దుకుంటూ, ఒదుగుతూ, అప్పుడప్పుడూ తోసుకువస్తూ ఉండే మనుషులు కనబడరు.

‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ అమ్మకాలు దెబ్బతిన్నాయి. మారిస్ బృందాన్ని కొంతకాలం ఆపివేశారు. ఆ విరామంలోనే ఫిలిప్ బెయిలీ సొంతంగా ఆల్బమ్ చేశారు. ఇంగ్లీషు గాయకుడు ఫిల్ కాలిన్స్‌తో కలిసి పాడిన ‘ఈజీ లవర్’ 1984లో వచ్చింది. బృందం తిరిగి 1987లో ‘టచ్ ద వరల్డ్’తో కూడింది. ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ ఒక్కదాన్ని చూపించి ఎనభైల దశకాన్నంతా కొట్టిపారేసే మిత్రులు కూడా కొందరున్నారు. వైశాఖంలో కట్టేసిన కాలువను చూసి డెల్టాలో నీళ్ళే లేవని తేల్చినట్టుగా ఉంటుంది వాళ్ళ వాదన. ‘టచ్ ద వరల్డ్’లోని ‘సిస్టమ్ ఆఫ్ సర్వైవల్’ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అది కూడా యంత్రాల మీద నడిచే పాటే, అయినా అందులో వేడి ఉంది.

ప్రశ్న: నేను పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. ‘ఇన్ ద స్టోన్’ మొదలును మా పార్టీలో వాయించాలని చూశాం గానీ ఊపిరి చాలడం లేదు. అంత గొప్పగా ఊదే మనుషులు చేతిలో ఉండగా ఈ బృందం వాళ్ళను ఎందుకు వదులుకుంది? మా దగ్గర కూడా డీజే పెట్టెలు వచ్చాక మమ్మల్ని పిలిచేవారు తగ్గిపోయారు కాబట్టి అడుగుతున్నాను.
— ఒక వాద్యకారుడు, అమలాపురం

జవాబు: మీ ప్రశ్న ఈ వాదానికంతటికీ గుండెకాయ వంటిది. ‘ఇన్ ద స్టోన్’ ‘ఐ యామ్’లో మొదటి పాట. ఊరేగింపు బయలుదేరుతున్నట్టు ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక్కసారిగా లేచి, మెట్టు మెట్టుగా పైకి వెళ్ళి, గాయకుడికి దారి ఇచ్చి తప్పుకుంటాయి. మీకు ఊపిరి చాలకపోవడంలో మీ లోపం లేదు. స్టూడియోలో బృందం వారికి తోడుగా మరికొందరు వాద్యకారులు చేరేవారు; ఒకే వాక్యాన్ని పలువురు పంచుకుని ఊదినప్పుడు వచ్చే నిండుతనం అది. బ్యాండులో ఇద్దరే ట్రంపెట్లు ఉంటే, పై స్వరాన్ని ఒకరికి, కింది స్వరాన్ని ఇంకొకరికి విడదీసి, ఊపిరి తీసుకునే చోట్లు ఒకరివి ఒకరికి కలవకుండా చూసుకోండి. నడుమ భాగాన్ని క్లారినెట్లకు అప్పగించవచ్చు. వాక్యం చివర స్వరాన్ని సాగదీయకుండా టక్కున కోయడం ముఖ్యం. మన పెళ్ళి బ్యాండులో చివరి స్వరాన్ని లాగే అలవాటు ఉంది. ఫంక్‌లో ఆ కోతే తాళం.

బృందంతో ఊదిన నలుగురినీ ఫీనిక్స్ హార్న్స్ అనేవారు: శాక్సఫోన్ మీద డాన్ మిరిక్, ట్రాంబోన్ మీద లూయిస్ సాటర్‌ఫీల్డ్, ట్రంపెట్ల మీద రామ్లీ మైకేల్ డేవిస్, మైకేల్ హారిస్. ‘ఆఫ్టర్ ద లవ్ హాజ్ గాన్’ చివర వినిపించే శాక్సఫోన్ మిరిక్‌దే. 1981లో వచ్చిన తన మొదటి సొంత ఆల్బమ్ కోసం ఫిల్ కాలిన్స్ పిలిపించుకున్నది ఈ నలుగురినే. కాలిన్స్ ఉన్న జెనెసిస్ బృందం రికార్డుకూ వాయించారు. అంటే వాళ్ళ ఊదుడు పాతబడిపోలేదు, దానికి గిరాకీ ఉంది. ఎనభైల మొదట్లో మారినది స్టూడియోల లెక్క. కొత్తగా వచ్చిన సింథసైజర్ మీద ఇత్తడి వాద్యాల ధ్వనిని ఒక్క మనిషి కూర్చుని పలికించగలడు. నలుగురికి కూలి, రిహార్సల్, స్టూడియో గంటలు అక్కరలేదు. దానికి తోడు ఆనాటి రేడియోలో ఆ యంత్రధ్వనే కొత్తదనంగా చెలామణి అయింది. మీ దగ్గర డీజేను పెట్టుకునేవారు వేసే లెక్క కూడా ఇదే. ఒక తేడా చెప్పాలి: మారిస్ వైట్ ఆ లెక్క వేసుకున్న ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’నే శ్రోతలు తిరగ్గొట్టారు. తరువాత బృందం వేదిక ఎక్కిన ప్రతి కాలంలోనూ ఊదే వాద్యాలు వెనక్కి వచ్చాయి. మీకు ఉపయోగపడే రికార్డు ‘ఫేసెస్’. దానిలో మీరు మీ పార్టీకి తెచ్చుకోదగిన వాక్యాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: నేల, గాలి, నిప్పు పెట్టుకున్నారు. నీటిని ఎందుకు వదిలేశారు? గోదావరి ఒడ్డున ఉండేవాళ్ళకు ఇది కొరతగానే ఉంటుంది.
— ఒక పాఠకుడు, కొత్తపేట

జవాబు: జాతకం వల్ల. 1941 డిసెంబరు 19న మెంఫిస్‌లో పుట్టిన మారిస్ వైట్, పాశ్చాత్య జ్యోతిషం ప్రకారం తన చక్రంలో ఆ మూడు తత్వాలే ఉన్నాయనీ నీటి తత్వం లేదనీ చూసుకుని ఆ పేరు పెట్టారు. అంతకుముందు షికాగోలో ఆయన బృందానికి సాల్టీ పెప్పర్స్ అని పేరు.

ప్రశ్న: నేను ఈ బృందాన్ని మొదట విన్నది 2013 నాటి ‘నౌ, దెన్ అండ్ ఫరెవర్’తో. మారిస్ వైట్ లేని రికార్డును ఆ బృందం రికార్డు అనకూడదని మా కళాశాలలో ఒక అధ్యాపకులు అంటారు. ఆయన మాటను కాదనలేను, ఒప్పుకోనూ లేను.
— ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ అధ్యాపకులు అన్నదానికి ఆధారం ఉంది. మారిస్ లేకుండా వెలువడిన తొలి ఆల్బమ్ అది. కానీ ఆయన పార్కిన్సన్ వ్యాధి కారణంగా తొంభైల నడుమనే యాత్రలు మానుకున్నారు. అప్పటి నుంచీ వేదిక మీద బృందాన్ని మోసినవారు ఫిలిప్ బెయిలీ, మారిస్ తమ్ముడు వెర్డీన్ వైట్, రాల్ఫ్ జాన్సన్. వారి కచేరీలను ఆ బృందం కచేరీలుగా ఒప్పుకున్న శ్రోత, వారు చేసిన ఆల్బమ్ దగ్గర మాత్రం అభ్యంతరం చెప్పడం కుదరదు. మారిస్ 2016 ఫిబ్రవరి 4న మరణించారు.

ఆల్బమ్ గురించి నా అభిప్రాయం వేరే. వాద్యాల అల్లిక బాగుంది, ఊదే వాద్యాలకు పాత గౌరవం దక్కింది. అయితే అది తన పాత రికార్డులను మరీ భయభక్తులతో విన్న ఆల్బమ్, సాహసం తక్కువ. దానికి ముందు 2005లో వచ్చిన ‘ఇల్యూమినేషన్’లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు ఉంది. విల్ ఐ యామ్, రఫాయెల్ సాదిక్, కెనీ జీ వంటి అతిథులు వరుసగా వచ్చి వెళుతుంటే ఇంటివాళ్ళు ఎక్కడున్నారో వెతుక్కోవాలి. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మీరు మొదట విన్న దానినే నేనూ ఎంచుకుంటాను.

ప్రశ్న: ‘హెరిటేజ్’లో స్లై స్టోన్ పాడారని విన్నాను, నిజమేనా? అలాగే ఈ తరువాతి ఆల్బమ్‌లను ఏ వరుసలో వినమంటారు?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమే. 1990 నాటి ఆ ఆల్బమ్‌లో స్లై స్టోన్‌తో పాటు ర్యాప్ గాయకుడు ఎంసీ హామర్ కూడా ఉన్నారు. ఫంక్‌కు దారి వేసిన పెద్దాయనా, ఆ ఏడాది ఊరంతా మోగుతున్న కుర్రవాడూ ఒకే రికార్డులో ఉన్నారని వినగానే ఆశ పుడుతుంది గాని, విన్నాక అది నిలవదు. దానిని చివరికి ఉంచండి.

వరుస అడిగారు కనుక చెబుతున్నాను. ముందు ‘రెయిజ్’ను మొత్తంగా వినండి, తరువాత వెనక్కి వెళ్ళి ‘ఫేసెస్’ను, ఒక్కో రోజు ఒక్కో వైపు చొప్పున, తొందరపడకుండా. ఆ తరువాత ‘టచ్ ద వరల్డ్’. 1993 నాటి ‘మిలీనియం’ నుంచి ‘సండే మార్నింగ్’ చాలు. ఇవన్నీ ఫోను స్పీకర్‌లో పెట్టి తీర్పు చెప్పకండి. వెర్డీన్ వైట్ బేస్ గిటార్ ఆ స్పీకర్‌లో పడనే పడదు. బేస్ వినబడకుండా ‘టచ్ ద వరల్డ్’ విన్నవారే దానిని పలచనిదని అంటున్నారని నా అనుమానం. ‘ఎలక్ట్రిక్ యూనివర్స్’ను వినాలా వద్దా అన్నది రాజోలు పాఠకురాలికే వదిలేద్దాం.