పాప పరిహార పత్రాలు అమ్మినందుకేనా ప్రొటెస్టెంట్లు విడిపోయింది?

స్కూలు పుస్తకాల్లో అంతవరకే రాస్తారు కాబట్టి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. అమ్మకంతో గొడవ మొదలైన మాట నిజమే, తెగింది మాత్రం వేరే చోట.

ముందు పత్రం సంగతి. కాథలిక్కు బోధ ప్రకారం అది పాపాన్ని క్షమించదు. క్షమాపణ పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో దొరుకుతుంది. ఆ తర్వాత ఇక్కడో, ఉత్తరించు స్థలంలోనో (చనిపోయాక పరలోకానికి ముందు ఆత్మ శుద్ధి అయ్యే చోటు) అనుభవించాల్సిన శిక్ష మిగులుతుంది కదా, దాన్ని తగ్గించేదే ఈ పత్రం. 1476లో నాలుగో సిక్స్‌టస్ పోపు దీన్ని చనిపోయినవారికీ వర్తింపజేశాడు. చిక్కు అక్కడే వచ్చింది: పోయినవాడు పశ్చాత్తాపపడలేడు, వాడి కోసం డబ్బు కట్టేవాళ్లు మాత్రం బతికే ఉన్నారు. జర్మనీలో ఈ పత్రాలు అమ్మిన సన్యాసి టెట్జెల్ వసూళ్లలో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, మిగతా సగం మైంజ్ ఆర్చిబిషప్పు ఆల్‌బ్రెఖ్ట్ ఫుగ్గర్లనే బ్యాంకర్ల కుటుంబానికి పడ్డ బాకీకి. 1517 అక్టోబరు 31న జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ ఈ అమ్మకాన్ని ప్రశ్నిస్తూ తన 95 వాదాంశాలు పంపింది ఈ ఆల్‌బ్రెఖ్ట్‌కే. వాటిలో ఉత్తరించు స్థలాన్ని గానీ, పోపు పదవిని గానీ ఆయన కాదనలేదు.

తెగింది నీతి దగ్గర, అంటే మనిషి దేవుని ముందు నీతిమంతుడిగా ఎలా నిలుస్తాడన్న దగ్గర. కాథలిక్కులకు కృప మనిషి లోపలికి దిగి అతణ్ణి నిజంగానే నీతిమంతుణ్ణి చేస్తుంది. ఆ కృపతో కలిసి నడుస్తూ అతను అందులో ఎదగాలి. లూథర్‌కు ఆ నీతి క్రీస్తుది. మనిషి ఇంకా పాపిగా ఉండగానే విశ్వాసం ద్వారా అతని ఖాతాలో జమవుతుంది. 1522 జర్మన్ కొత్త నిబంధనలో రోమా 3:28కి ఆయన ‘మాత్రమే’ అనే మాట చేర్చాడు. గ్రీకులో అది లేదు. జర్మన్ నుడికారానికి అది కావాలని 1530లో సమర్థించుకున్నాడు. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘విశ్వాసమువలననే’ అని ఉంటుంది. గొడవంతా ఆ చివరి ఏకారంలో ఉంది. కాథలిక్కులు దానికి, విశ్వాసం ఒక్కటే కాదు క్రియలూ కావాలనే యాకోబు 2:24 తీసి చూపిస్తారు. 1547లో కాథలిక్కు బిషప్పుల ట్రెంటు మహాసభ లూథర్ వాదాన్ని ఖండించింది. అయితే దేవుడు మొదట ఇచ్చే కృపను క్రియలతో సంపాదించుకోవచ్చని ఆ సభా అనలేదు. ప్రసంగాల్లో ఈ ముక్క వదిలేస్తుంటారు.

మరి ఇలాంటి వివాదంలో చివరి తీర్పరి ఎవరు, బైబిలా, పోపూ మహాసభలా? 1519లో లైప్‌జిగ్ వాదంలో కాథలిక్కు పండితుడు ఎక్ పట్టుకున్నది ఇదే. లూథర్‌కు వందేళ్ల ముందు చర్చిని విమర్శించిన యాన్ హుస్‌ను సజీవంగా కాల్పించిన కాన్‌స్టన్స్ మహాసభ దాకా మాట లాగితే, మహాసభలూ పొరబడగలవని లూథర్ అనాల్సి వచ్చింది. ఆ తర్వాత రాజీకి చోటేది? ఉత్తరించు స్థలానికి ఆధారంగా ఎక్ 2 మక్కబీయులు 12 చూపితే, అది ప్రామాణిక గ్రంథం కాదన్నాడు లూథర్. 73 పుస్తకాల కాథలిక్కు బైబిల్లో ఆ అధ్యాయం ఉంటుంది; 66 పుస్తకాల బైబిలు ఎంత తిరగేసినా కనిపించదు.