మాస్ మోకాలో ఆ లైట్ గదుల కోసం అంత చోటెందుకు?

ఖాళీ గదిలో రంగు లైట్లేస్తే చాలదా, దానికి మ్యూజియంనే పెంచాలా అంటే, పెంచాల్సిందే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం నార్త్ ఆడమ్స్‌లో ఒక పాత ఫ్యాక్టరీ 1999లో మాస్ మోకా అనే మ్యూజియం అయింది, 2017లో దాని 6వ బిల్డింగ్ కూడా రిపేర్ చేసి తెరిస్తే దాదాపు 1,30,000 చదరపు అడుగులు కలిసొచ్చింది, వెలుతురుతోనే కళ చేసే ఆర్టిస్ట్ జేమ్స్ టరెల్ లైట్ వర్క్స్, అంటే ఈ లైట్ గదులు, ఉన్నది అందులోనే.

'పర్ఫెక్ట్లీ క్లియర్' అనే గదినే తీసుకోండి, బూట్లకి కవర్లు తొడుక్కుని మెట్లెక్కి లోపలికెళ్తే మూలలన్నీ గుండ్రంగా తిప్పేసి ఉంటాయి, గీత లేదు నీడ లేదు, కంటికి పట్టుకోడానికి ఏమీ దొరక్క గోడ పక్కనే ఉందో ఎక్కడో ఉందో తెలీదు, రంగు పొగమంచులో నిలబడ్డట్టే. మధ్యలో లైట్లు టపటపా కొట్టుకుంటాయి, మూర్ఛ ఉన్నోళ్ళు వెళ్ళకూడదు.

ఇంకోటి 'హైండ్ సైట్', అదైతే కటిక చీకటి, కళ్ళు అలవాటుపడేదాకా కుర్చీలో కూర్చోవాలి, అప్పుడు గానీ ఆ కాస్త వెలుగు కనపడదు. పక్కగది వెలుతురు కొంచెం లీకైనా మొత్తం పోయినట్టే, అందుకే ఒక్కోదానికి సొంత గది కావాలి. ఫోన్లో ఫొటో తీస్తే మాత్రం ఉత్త రంగు కాగితంలా వస్తది.