కొత్త గేర్ల సైకిల్ చైను ఊడిపోతుంటే షాపుదే బాధ్యతా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్ చదివే మా అబ్బాయికి నాలుగు నెలల క్రితం రాజమండ్రిలో ఒక షాపులో 26 వేలు పెట్టి మౌంటెన్ బైక్ కొన్నాను. ముందు మూడు, వెనక ఏడు గేర్లు. మొదటి వారం నుంచే చైను ఊడిపోతోంది. రెండుసార్లు షాపుకు తీసుకెళ్తే ఏదో తిప్పి ఇచ్చారు, మళ్లీ మామూలే. పోయిన నెల కాలువ గట్టు మీద చైను ఊడి మావాడు పడిపోయాడు, మోకాలికి కుట్లు పడ్డాయి. షాపాయనేమో "మీరు బురదలో తొక్కుతున్నారు, చైనుకు వారంటీ లేదని బిల్లు మీదే ఉంది" అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే ముందు ఒక పని ఆపండి. మీ ఊళ్లో ఎవరి చేతా ఆ సైకిల్‌కు ఒక్క స్క్రూ కూడా తిప్పించకండి. "మధ్యలో ఎవరు విప్పారు?" అన్నదే రేపు అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న.

బిల్లు మీద రాసిన మాట చైను అరిగిపోయినప్పుడు పనికొస్తుంది. మీ ఫిర్యాదు అరుగుదల గురించి కాదు. చైను అరిగిందో లేదో కొలిచి చూడొచ్చు. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను దాకా దూరం సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే చైను అయిపోయినట్టే. స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి. అయినా మొదటి వారంలోనే ఊడిన చైనుకు అరుగుదల సాకు ఎలా చెబుతారు?

చైను ఎటు ఊడుతోందో చూడటం ఇంకా ముఖ్యం. పెడల్ దగ్గరి పళ్ల చక్రాల్లో చిన్నదానికి గేరు మార్చేటప్పుడు ఫ్రేము వైపు పడినా, పెద్దది దాటి పెడల్ వైపు పడినా, సాధారణంగా ముందు డీరైలర్ (గేరు మార్చేటప్పుడు చైనును పక్కకు జరిపే భాగం) లిమిట్ స్క్రూ, అంటే అది ఎంతవరకు జరగాలో ఆపే స్క్రూ, సరిగా పెట్టలేదని అర్థం. వెనక స్పోకుల్లోకి పోతే అక్కడి లిమిట్ స్క్రూ గాని, డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే ముక్క వంకర గాని అయి ఉండొచ్చు. గేరు మార్చకుండానే గతుకుల్లో ఊడుతుంటే చైను పొడవు ఎక్కువైందేమో, వెనక స్ప్రింగు బలం చాలట్లేదేమో చూడాలి. లిమిట్ స్క్రూ అయితే పావుగంట పని. రెండుసార్లు వెళ్లినా అది కుదర్చలేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవాలోపం. డీరైలరే బాగాలేకపోతే వస్తువులో లోపం, అప్పుడు తయారీ కంపెనీని కూడా పార్టీగా చేర్చాలి.

హ్యాంగర్ దగ్గర మాత్రం జాగ్రత్త. మీవాడు పడ్డాడు కాబట్టి అప్పుడే వంగిందంటారు. నిజంగా అప్పుడే వంగి ఉండొచ్చు కూడా. అందుకే ఆ ప్రమాదానికి ముందు మీరు షాపుకు వెళ్లిన రెండు సందర్భాలే మీ కేసుకు ఆయువుపట్టు. షాపులో రిపేరుకు రాసిచ్చిన జాబ్ కార్డు, వాట్సాప్ మెసేజ్, చెల్లించిన రసీదు, ఏది దొరికినా దాచండి.

బురద సంగతికి వస్తే, మట్టి దారి కోసమని అమ్మిన సైకిల్‌ను మట్టిలో తొక్కారని తప్పుపడితే నిలబడదు. కానీ మన సముద్రపు గాలికి, కాలువ బురదకు నెలల తరబడి నూనె వేయకపోతే లింకులు బిగుసుకుపోయి చైను ఎగురుతుంది. ఆ తప్పు మీ వైపు ఉంటే కేసు వినే వినియోగదారుల కమిషన్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెట్టింది బయటపడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

గాయం విషయంలో చట్టంలోని 86వ సెక్షన్ చూడండి. వస్తువును బిగించడంలో, పరీక్షించడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్లే హాని జరిగిందని రుజువైతే అమ్మినవాడూ నష్టపరిహారం కట్టాలి. దానికి ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు కావాలి. బిల్లు మీ పేరున ఉన్నా మీ అనుమతితో వాడే మీ అబ్బాయి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే.

ముందు షాపుకు, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా చాలా షాపులు దిగివస్తాయి. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. షాపు ఉన్న చోటే వేయాలని లేదు, మీరు నివసించే చోటుకు అధికార పరిధి ఉన్న కమిషన్‌లోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. అవసరమైతే సైకిల్‌ను ల్యాబు పరీక్షకు పంపుతారు, దాని ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు.

లక్షల్లో అడగకండి. లోపం సరిచేయాలి, లేదా సైకిల్ మార్చాలి, అదీ కాకపోతే డబ్బు తిరిగివ్వాలి. దానికి తోడు వైద్య ఖర్చులు, కొంత పరిహారం. 26 వేల సైకిల్‌కు అంతవరకు అడిగితే కమిషన్ శ్రద్ధగా వింటుంది. అప్పటిదాకా అబ్బాయిని ఆ సైకిల్ తొక్కనివ్వకండి. లోపం తెలిసీ తొక్కితే, మళ్లీ పడినప్పుడు ఆ తప్పు మీ ఖాతాలోకి వస్తుంది.