చావ్ అనే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటలీలోని పదోవా విశ్వవిద్యాలయంలో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పగానే కళ్ళు చెమర్చాయి. 1222 నుంచి చదువు చెబుతున్న చోటు అది. సంతోషం అలా ఉండగానే భయమూ వచ్చి కూర్చుంది.

ఉన్ని బట్టలు, మందులు, కాగితాల నకళ్ళు సర్దుకో. నా బెంగంతా 'చావ్' అనే అక్కడి పలకరింపు గురించి.

కలిసినప్పుడూ అదే, విడిపోయేటప్పుడూ అదే. వారంలో నోటికి పట్టేస్తుంది. నాకూ పట్టింది. అక్కడ మేము అద్దెకున్న ఇంటి యజమానురాలికి ఎనభై ఏళ్ళు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నవ్వుతూ 'చావ్' అనేదాన్ని. ఆవిడ తల వంచి 'బ్వొన్‌జోర్నో, సిన్యోరా' అనేవారు. అంటే 'శుభదినం, అమ్మగారూ' అని. ముభావం మనిషి అనుకున్నాను. నాలుగు నెలలు ఇదే వరస. ఆవిడ భర్త పోయిన రోజు నల్లబట్టల్లో బంధువులంతా గుమ్మంలో ఉన్నారు. ఏమనాలో తోచక అదే మాట అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఆవిడ కూతురు మెల్లగా చెప్పింది, అది స్నేహితులకూ పిల్లలకూ ఇంట్లోవాళ్ళకూ అనే మాట అని. మన నువ్వు, మీరు లాగే వాళ్ళకు తూ, లేయ్ ఉన్నాయి. చావ్ తూ పక్షం. భర్తను పోగొట్టుకున్న పెద్దావిడను నేను 'ఏమే' అన్నట్టయింది. ఆ మెట్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

నువ్వు వెళ్ళే ఆ వెనిస్ ప్రాంతపు మాటే అది. 'మీ బానిసను' అంటూ వంగి చెప్పిన పలకరింపు అరిగి అరిగి చావ్ అయింది. మన దాసోహం లాంటిదే, తల్లీ! అంత వినయం ఇంత చనువుగా మారడం నాకు ఎప్పుడూ వింతే.

దుకాణంలో అడుగు పెట్టగానే బ్వొన్‌జోర్నో అను, పొద్దు వాలితే బ్వొనసేరా. ఏది అనాలో తెలియకపోతే సాల్వే. తూ అనుకుందామని పెద్దవాళ్ళే ముందు అననీ, నువ్వు తొందరపడకు. ఎక్కడ తడబడతావో అని నాకు నిద్ర పట్టడం లేదు కానీ, నీకు నాకన్నా మంచి చెవి ఉంది.

ఇంకొకటి. ఫోను పెట్టేటప్పుడు వాళ్ళు చావ్ చావ్ చావ్ అని గబగబా అంటారు. అలవాటులో అమ్మమ్మతో అనేవు! నేను ఒకసారి అంటే ఆవిడ చెవిన చావుగానే పడి, ఆ పూట అన్నం ముట్టలేదు. విడిపోయేటప్పుడు అక్కడివాళ్ళు అర్రివెదెర్చి అని కూడా అంటారు, మళ్ళీ చూసుకుందాం అని అర్థం. నువ్వు అమ్మమ్మతో 'మళ్ళీ చేస్తాను' అని పెట్టు. విమానం దిగగానే మొదటి ఫోను ఆవిడకే చెయ్యి.

మీ పెద్దమ్మ