ఆరు వారాల బాంటమ్ పిల్లల్లో పుంజు ఏది, పెట్ట ఏది?

సందేహం: ముచ్చటపడి ఆరు బాంటమ్ (పొట్టి రకం) కోడిపిల్లలు తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆరో వారం. ఒకటి ఎప్పుడూ మెడ ఈకలు నిక్కబొడిచి మిగతావాటి మీదికి పోతోంది. అదే పుంజు అనుకోవచ్చా? పుంజులు ఎక్కువైతే కూతలతో ఇరుగుపొరుగుకు ఇబ్బందని టెన్షన్‌గా ఉంది.

సలహా: అప్పుడే అనుకోకండి. ఈ వయసులో పెట్టపిల్లలూ కయ్యానికి కాలు దువ్వుతాయి. గుంపులో ఎవరిది పైచేయో తేల్చుకునే రోజులివి.

ముందు తురాయి, అంటే నెత్తి మీది మెత్తటి కండ, చూడండి. ఒంటి పలక తురాయి ఉండే రకాల్లో ఈపాటికి పుంజుపిల్లది కాస్త పెరిగి ఎర్రబడుతుంది, పెట్టది లేత పసుపుగానే ఉంటుంది. మీవి సిల్కీలైతే మాత్రం ఈ లెక్క కుదరదు. తురాయి ముద్దగా, ఈకలు దూదిలా ఉండే ఆ రకంలో చేయి తిరిగినవాళ్లే ఐదారు నెలల దాకా పొరబడుతుంటారు.

నేను నమ్మేది నడుము ఈకల్ని. 10 నుంచి 12 వారాల మధ్య, చీకటి పడ్డాక పిల్ల మగతగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని, తోకకు కాస్త ముందు ఈకలను వేలితో విడదీయండి. పుంజుకు అక్కడ సన్నగా, మొనదేలి, నిగనిగలాడే కొత్త ఈకలు వస్తుంటాయి. పెట్టకు వెడల్పుగా, కొస గుండ్రంగా ఉంటాయి. సీబ్రైట్ రకంలో పుంజుకూ పెట్ట ఈకలే వస్తాయి కాబట్టి అక్కడ తురాయి, కూత చూసుకోవాల్సిందే.

కోసుగా ఉన్న గుడ్డులోంచి పుంజు వస్తుందనే మాట వట్టిది. పుట్టిన రోజే మలద్వారం చూసి చెప్పే పద్ధతి ఉంది గానీ, శిక్షణ లేని చేత్తో నొక్కితే పిల్లకు లోపల దెబ్బ తగులుతుంది. రెక్క ఈకల పొడవుతో పోల్చడం అందుకోసమే జతకట్టిన సంకరాల్లోనే పనిచేస్తుంది.

మామూలుగా సగానికి సగం పుంజులే వస్తాయి. కొన్ని రెండో నెల దాటగానే బొంగురు గొంతుతో కూత మొదలుపెడతాయి. అదనపు పుంజులను ఎవరికివ్వాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

అన్నిటికీ ఒకే దాణా కదా అని గుడ్లు పెట్టే కోళ్ల దాణా మాత్రం వేయకండి. అందులోని ఎక్కువ కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సుమారు 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ దాణా చాలు. రెట్టలో రక్తం కనబడితే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.

ఒక్కో పిల్ల కాలికి ఒక్కో రంగు రింగు వేసి, వారానికోసారి తురాయి ఫొటో తీసుకోండి. తేడా తెలిసిపోతుంది. కాళ్లు లావెక్కేకొద్దీ రింగులు మార్చండి, బిగుసుకుంటే కాలు వాస్తుంది.